వీపీఎస్‌కి మారాలా, షేర్డ్ హోస్టింగే చాలా? డబ్బు కట్టే ముందు ఇది చూడండి

[స్క్రీన్ మీద: సైట్ తెరుచుకోక తిరుగుతూ ఉన్న బ్రౌజర్]

హాయ్ అండీ అందరికీ. షేర్డ్ హోస్టింగ్ అంటే ఒకే సర్వర్‌ని చాలా సైట్లు కలిసి వాడుకోవడం, వీపీఎస్ అంటే వర్చువల్ ప్రైవేట్ సర్వర్, ఒక సర్వర్‌లో మీకంటూ విడిగా ఇచ్చే ముక్క. సైట్ స్లో అయిపోయింది, ఇంక షేర్డ్ హోస్టింగ్ వదిలేసి వీపీఎస్ తీసుకుందాం అని ఫిక్స్ అయినవాళ్ళు దయచేసి ఈ వీడియో అయ్యాకే డబ్బు కట్టండి. చాలామంది దీన్ని స్పీడ్ సంగతి అనుకుంటారు, షేర్డ్ అంటే స్లో, వీపీఎస్ అంటే ఫాస్ట్ అని. నేనైతే ఎవరైనా అడిగితే ముందు ఒకటే అడుగుతా: అర్ధరాత్రి సర్వర్ పడిపోతే లేచి చూసేది ఎవరు? షేర్డ్‌లో అయితే హోస్టింగ్ వాళ్ళు చూస్తారు, మామూలు వీపీఎస్‌లో అయితే మీరే చూస్కోవాలి. దీనికి జవాబు దొరికితే సగం నిర్ణయం అయిపోయినట్టే.

ముందు షేర్డ్ హోస్టింగ్ లోపల ఏం జరుగుతుందో చూద్దాం. ఒక పెద్ద మెషీన్ ఉంటుంది, దాని మీద ఒకటే లినక్స్, ఒకటే వెబ్ సర్వర్, అది అపాచీ కావచ్చు లైట్‌స్పీడ్ కావచ్చు, ఒకటే డేటాబేస్ సర్వర్, దాని మీద వందల మంది అకౌంట్లు. చాలాసార్లు ఐపీ అడ్రస్ కూడా అందరికీ ఒకటే. మరి ఒకే ఐపీకి వచ్చిన రిక్వెస్ట్ ఎవరి సైట్‌దో సర్వర్‌కి ఎలా తెలుస్తుందంటే, బ్రౌజర్ పంపే ప్రతి రిక్వెస్ట్‌లో హోస్ట్ అని ఒక హెడర్ ఉంటుంది, అందులో మీ డొమైన్ పేరు ఉంటుంది, హెచ్‌టీటీపీ 1.1 నుంచి ఇది తప్పనిసరి చేశారు. ఆ పేరు చూసి సర్వర్ మీ ఫోల్డర్‌లోంచి పేజీ తీసి ఇస్తుంది. హెచ్‌టీటీపీఎస్‌లో సరైన సర్టిఫికెట్ చూపించడానికి ఎస్ఎన్ఐ అని ఇంకోటి ఉంది. ఈ రెండూ ఉండబట్టే ఇన్ని సైట్లు ఒక మెషీన్ మీద సర్దుకుంటున్నాయి, ఆ ఖర్చు అందరూ పంచుకుంటున్నారు కాబట్టే అంత చవగ్గా వస్తోంది.

పక్కవాడి సైట్‌కి జనం ఎగబడితే మన సైట్ కూడా పడిపోతుందా అని భయం ఉంటుంది కదా, ఒకప్పుడు అది నిజంగానే జరిగేది. ఇప్పుడు చాలా కంపెనీలు క్లౌడ్‌లినక్స్ లాంటివి వాడి ఒక్కో అకౌంట్‌కి గీత గీసేస్తున్నాయి. సీపీయూ ఇంత, మెమరీ ఇంత, డిస్క్ చదవడం రాయడం సెకనుకి ఇంత అని. ఆ గీత దాటితే స్లో అయ్యేది మీ సైటే, పక్కవాళ్ళది కాదు, ఒక్కోసారి 508 ఎర్రర్ కూడా వస్తుంది, రిసోర్స్ లిమిట్ అయిపోయిందని. పూర్తిగా రక్షణ అని అనను, డిస్క్ మీద డేటాబేస్ మీద ఒత్తిడి కొంత అందరికీ తగులుతూనే ఉంటుంది, కానీ మునుపటంత ఘోరం లేదు.

ఇక ప్లాన్ మీద అన్‌లిమిటెడ్ అని రాసి ఉంటే దాన్ని నమ్ముకోకండి. స్టోరేజీ అన్‌లిమిటెడ్ అంటారు, కింద నిబంధనల్లో ఐనోడ్ లిమిట్ ఉంటుంది, అంటే ఎన్ని ఫైళ్ళు పెట్టుకోవచ్చో ఆ సంఖ్య. చాలా సర్వర్లలో ఒక్కో మెయిల్ ఒక్కో ఫైల్ కింద లెక్క, క్యాష్ ఫైళ్ళు, అంటే వేగం కోసం దాచిపెట్టుకునే కాపీలు, కూడా అంతే. కాబట్టి డిస్క్ ఖాళీగా కనిపిస్తున్నా అకౌంట్ నిండిపోవచ్చు.

[స్క్రీన్ మీద: సీప్యానెల్‌లో రిసోర్స్ యూసేజ్ పేజీ]

ఇప్పుడు నేను బాగా చెప్పాలనుకున్నది ఇదే, కొంచెం ఓపిగ్గా వినండి. సీప్యానెల్‌లో, అంటే హోస్టింగ్ అకౌంట్‌ని నడుపుకునే కంట్రోల్ ప్యానెల్‌లో, రిసోర్స్ యూసేజ్ అని ఒక పేజీ చాలాచోట్ల ఉంటుంది, సైట్ స్లో అని బాధపడే చాలామంది దాన్ని ఒక్కసారి కూడా తెరవరు. అందులో ఎంట్రీ ప్రాసెసెస్ అని ఒకటి కనిపిస్తుంది. ఒకే క్షణంలో మీ సైట్‌లో ఎన్ని పీహెచ్‌పీ రిక్వెస్ట్‌లు, అంటే పేజీ తయారుచేసే పనులు, నడుస్తూ ఉండొచ్చో ఆ లిమిట్ అనమాట. అది 20 అని ఉంటే ఇరవై మంది కంటే ఎక్కువ మంది చూడలేరేమో అని కంగారుపడతారు, అలా కాదు. ఒక్కో పేజీ తయారవడానికి అర సెకను పడితే, 20 స్లాట్లతో సెకనుకి 40 పేజీలు ఇవ్వొచ్చు, అది చిన్న సైట్‌కి చాలా చాలా ఎక్కువ. అదే పేజీ తయారవడానికి 4 సెకన్లు పడుతుందనుకోండి, సెకనుకి 5 మాత్రమే. ప్లాన్ అదే, సర్వర్ అదే, ఎనిమిది రెట్లు తేడా వచ్చింది, ఆ తేడా తెచ్చింది మీ సైట్ కోడ్. బరువైన థీమ్, ముప్పై ప్లగిన్లు, ఇండెక్స్ లేని డేటాబేస్ టేబుల్, ఇలాంటివి. వీటిని అలాగే తీసుకెళ్ళి వీపీఎస్‌లో పెడితే అక్కడ కూడా 4 సెకన్లు కాకపోతే 3 సెకన్లు పడుతుంది, అంతే.

అందుకని వర్డ్‌ప్రెస్ అయితే మారే ముందు ఈ పనులు చేసి చూడండి. పేజీ క్యాష్ పెట్టండి, క్యాష్ ఉంటే తయారైన పేజీనే ఇచ్చేస్తుంది, డేటాబేస్‌ని తట్టి లేపక్కర్లేదు, పీహెచ్‌పీ పని కూడా దాదాపు పోతుంది. యాక్సెస్ లాగ్ తెరిచి డబ్ల్యూపీ లాగిన్ పేజీకీ ఎక్స్ఎంఎల్ ఆర్‌పీసీ ఫైల్‌కీ ఎన్ని హిట్లు వస్తున్నాయో చూడండి, మీరు ట్రాఫిక్ అనుకుంటున్నదాంట్లో సగం పాస్‌వర్డ్ ఊహించే బాట్లే అయి ఉండొచ్చు, వాటిని బ్లాక్ చేస్తేనే సైట్ ఊపిరి పీల్చుకుంటుంది. ఇంకోటి, డబ్ల్యూపీ క్రాన్, అంటే టైమ్ ప్రకారం చెయ్యాల్సిన పనుల్ని వర్డ్‌ప్రెస్ నడుపుకునే ఏర్పాటు, మామూలుగా ఎవరో సైట్‌కి వచ్చినప్పుడల్లా టైమ్ అయిన పనులున్నాయా అని చూస్కుంటుంది, దాన్ని ఆపేసి సీప్యానెల్‌లో అసలైన క్రాన్ జాబ్ పెట్టుకోండి. పీహెచ్‌పీ వెర్షన్ కూడా చూడండి, 7.4కి సపోర్ట్ 2022 నవంబర్‌లోనే ఆగిపోయింది, ఇంకా దాని మీదే నడిపేవాళ్ళు ఉన్నారు, 8 సిరీస్‌లో ఇంకా సపోర్ట్ ఉన్న వెర్షన్‌కి మారితే వేగమూ వస్తుంది భద్రతా వస్తుంది. ఇవన్నీ చేశాక కూడా గ్రాఫ్ రోజూ లిమిట్‌కి తగులుతూనే ఉంటే, అప్పుడు మీకు నిజంగానే పెద్ద మెషీన్ కావాలి.

[స్క్రీన్ మీద: ఒక ఫిజికల్ సర్వర్, దాంట్లో విడివిడి గదుల్లా వర్చువల్ మెషీన్లు]

సరే వీపీఎస్‌కి వద్దాం. ఇక్కడ కూడా మెషీన్ మీ ఒక్కరిదే కాదు. ఒక సర్వర్‌ని సాఫ్ట్‌వేర్‌తో ముక్కలు చేసి ఒక్కో ముక్కని ఒక్కొక్కరికి ఇస్తారు, ఆ ముక్కలో మీకు సొంత ఆపరేటింగ్ సిస్టమ్, పూర్తి అధికారం ఇచ్చే రూట్ పాస్‌వర్డ్, సాధారణంగా సొంత ఐపీ. ఇలా ముక్కలు చేసే సాఫ్ట్‌వేర్లలో ఎక్కువమంది వాడేది కేవీఎం, ఇది 2007లో లినక్స్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెలాంటి భాగం) 2.6.20తో వచ్చింది, దీంట్లో మీ కెర్నల్ కూడా మీదే. కొంచెం చవగ్గా దొరికే పాత రకం ఓపెన్‌వీజడ్, అందులో కెర్నల్ అందరికీ ఒకటే కాబట్టి కొన్ని పనులకి చేతులు కట్టేసినట్టు ఉంటుంది, యాప్‌లని విడి డబ్బాల్లో పెట్టి నడిపే డాకర్ లాంటివి పెట్టాలనుకుంటే ఇబ్బంది పడతారు. కొనేటప్పుడు కేవీఎమ్మా కాదా అని అడగండి, నేనైతే ఇంకోటి తీసుకోమని చెప్పను.

ప్లాన్‌లో వీసీపీయూ, అంటే వర్చువల్ సీపీయూ, 2 అని రాస్తే రెండు కోర్లు మీకే రాసిచ్చారని కాదు. ఎక్కువగా అది ఒక కోర్‌లో ఒక థ్రెడ్, దాన్నే వేరేవాళ్ళకి కూడా ఇచ్చి ఉంటారు, డెడికేటెడ్ సీపీయూ అని వేరే ప్లాన్ తీసుకుంటే తప్ప. మీ వంతు కోసం మీరు ఎంత ఎదురుచూస్తున్నారో చూడాలంటే టాప్ కమాండ్ కొట్టి ఎస్‌టీ అనే అంకె చూడండి, స్టీల్ టైమ్ అంటారు దాన్ని. అది ఎప్పుడూ సున్నా దగ్గరే ఉంటే హాయి, రోజూ పది శాతం దాటుతోందంటే ఆ కంపెనీ ఒకే మెషీన్ మీద మరీ ఎక్కువ మందిని ఎక్కించేసిందని అర్థం.

మరి వీపీఎస్ ఎవరికి తప్పదు? నోడ్ జేఎస్‌తోనో జాంగోతోనో రాసిన యాప్, ఎప్పుడూ కనెక్షన్ తెరిచి ఉంచే చాట్, వెనకాల నడుస్తూ ఉండే క్యూ వర్కర్లు, డేటాని మెమరీలో ఉంచే సొంత రెడిస్, ఇలాంటివి కావాలంటే మామూలు షేర్డ్‌లో కుదరదు, కొన్నిచోట్ల నోడ్ పెట్టుకోనిచ్చినా ఎక్కువసేపు నడిచే ప్రాసెస్‌ని చంపేస్తారు. ఆన్‌లైన్ స్టోర్ పెద్దదైతే కూడా, ఎందుకంటే కార్ట్, చెకౌట్ పేజీలు ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటాయి, వాటిని క్యాష్ చెయ్యలేం, ఒక్కో కొనుగోలుదారు నిజంగా సీపీయూని వాడతాడు. అది కాకుండా నాలుగు పేజీల కంపెనీ సైట్, బ్లాగ్, పోర్ట్‌ఫోలియో, వీటికి షేర్డే చాలు, ఈ మాట మొహమాటం లేకుండా చెబుతున్నా.

ఇక తీసుకున్నాక ఏం చెయ్యాలో వినండి. ఖాళీ సర్వర్ ఇస్తారు. ఇంటర్నెట్‌లోకి వచ్చిన కొద్దిసేపటికే ఎస్ఎస్‌హెచ్ మీద, అంటే దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయ్యే దారి మీద, బాట్లు పాస్‌వర్డ్‌లు కొట్టడం మొదలుపెడతాయి, లాగ్‌లో మీరే చూడొచ్చు. కాబట్టి మొదటి రోజే కీతో లాగిన్ పెట్టుకుని పాస్‌వర్డ్ లాగిన్ ఆపెయ్యాలి, ఫైర్‌వాల్ పెట్టి అవసరమైన పోర్టులే తెరవాలి, సెక్యూరిటీ అప్‌డేట్లు వాటంతట అవే పడేలా చెయ్యాలి. 2024 జులైలో ఓపెన్ఎస్ఎస్‌హెచ్‌లోనే రెగ్రెషన్ అని పెద్ద లోపం బయటపడింది, షేర్డ్ వాళ్ళకి దాన్ని హోస్టింగ్ కంపెనీ సరిచేసి పెడుతుంది, వీపీఎస్ ఉన్నవాళ్ళు ఎవరిది వాళ్ళే చేస్కోవాలి. ఆపరేటింగ్ సిస్టమ్‌కి కూడా ఆయుష్షు ఉంటుంది, సెంట్ఓఎస్ 7కి 2024 జూన్ 30తో అప్‌డేట్లు ఆగిపోయాయి, ఉబుంటు ఎల్‌టీఎస్‌కి మామూలుగా 5 ఏళ్ళు. అంటే కొన్నేళ్ళకోసారి సర్వర్ మొత్తం కొత్తదానికి మార్చే పని ఉంటుందని ముందే అనుకోండి.

మెమరీ దగ్గర చాలామంది దెబ్బతింటారు. 1 జీబీ ర్యామ్ ఉన్న చిన్న వీపీఎస్ తీసుకుని, వర్డ్‌ప్రెస్ పెట్టి, ఎక్కడో చూసి పీహెచ్‌పీ వర్కర్లు, అంటే పేజీలు తయారుచేసే ప్రాసెస్‌లు, 20 చేస్తారు. ఒక్కో వర్కర్ 60 ఎంబీ తిన్నా అవే 1200 ఎంబీ, ఇంకా డేటాబేస్ ఉంది, సిస్టమ్ ఉంది. జనం వచ్చిన రోజు మెమరీ అయిపోతుంది, అప్పుడు కెర్నల్ ఏదో ఒక ప్రాసెస్‌ని చంపాలి, ఎక్కువ మెమరీ పట్టుకున్నదాన్నే ఎంచుకుంటుంది, అది తరచుగా డేటాబేస్ అవుతుంది. సైట్ మీద డేటాబేస్ కనెక్షన్ ఎర్రర్ తప్ప ఇంకేం ఉండదు. కాబట్టి వర్కర్లు లెక్క కట్టి పెట్టండి, కొంచెం స్వాప్, అంటే మెమరీ చాలనప్పుడు వాడుకునే డిస్క్ చోటు, కూడా ఇవ్వండి, వీలైతే 2 జీబీతో మొదలుపెట్టండి.

మెయిల్ సంగతి మర్చిపోతారు అందరూ. షేర్డ్‌తో పాటు మెయిల్ బాక్సులు ఊరికే వచ్చేవి, వీపీఎస్‌లో రావు. చాలా కంపెనీలు మెయిల్ పంపే పోర్ట్ 25 మూసేసే ఇస్తాయి, తెరిపించుకున్నా ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్, రివర్స్ డీఎన్ఎస్, అంటే మెయిల్ నిజంగా మీ దగ్గర్నుంచే వచ్చిందని చూపించే సెట్టింగులు, అన్నీ సరిగ్గా ఉండాలి, లేకపోతే స్పామ్‌లోకే. మెయిల్ మాత్రం విడిగా ఒక మెయిల్ సర్వీస్‌లో పెట్టుకోండి, సొంతంగా నడిపే కష్టం పడొద్దు.

బ్యాకప్ కూడా ఆ కంపెనీ దగ్గరే ఉంచితే చాలదు. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లో స్ట్రాస్‌బర్గ్‌లోని ఓవీహెచ్ అనే హోస్టింగ్ కంపెనీ డేటా సెంటర్‌లో మంటలు లేచి ఒక బిల్డింగ్ మొత్తం కాలిపోయింది, అసలు డేటా, బ్యాకప్ రెండూ ఆ ప్రాంగణంలోనే ఉన్న కస్టమర్లు కొందరు రెండూ పోగొట్టుకున్నారు. షేర్డ్ అయినా వీపీఎస్ అయినా ఒక కాపీ వేరే కంపెనీ దగ్గర పెట్టండి, అప్పుడప్పుడూ దాన్ని నిజంగా రీస్టోర్ చేసి చూడండి.

ఇదంతా మా వల్ల కాదు కానీ పవర్ మాత్రం కావాలి అనేవాళ్ళకి మేనేజ్డ్ వీపీఎస్ ఉంది, అప్‌డేట్లు, సెక్యూరిటీ వాళ్ళు చూస్తారు, డబ్బు ఎక్కువ పడుతుంది. కొనే ముందు మేనేజ్డ్ అంటే ఏమేం చేస్తారో రాతలో అడగండి, కొందరు సర్వర్ ఆన్‌లో ఉంచడాన్నే మేనేజ్డ్ అంటారు. సీప్యానెల్ కావాలంటే దాని లైసెన్స్ విడిగా నెలనెలా కట్టాలి, 2019 నుంచి ఆ ధర అకౌంట్ల సంఖ్యని బట్టి ఉంటోంది. మొదటి ఏడాది ధర చూసి మురిసిపోకండి, రెన్యూవల్ ధర చూడండి. నేర్చుకోవాలనుకునే కుర్రాళ్ళు మాత్రం చిన్న వీపీఎస్ తప్పకుండా తీసుకోండి, పాడుచెయ్యండి, మళ్ళీ మొదట్నుంచి సిద్ధం చెయ్యండి, దానికంటే మంచి క్లాస్ లేదు, అయితే డబ్బు తెచ్చే సైట్ దాని మీద పెట్టకండి.

[స్క్రీన్ మీద: డీఎన్ఎస్ సెట్టింగ్స్]

మారాలని తేల్చుకున్నవాళ్ళు ఇలా చెయ్యండి. రెండు రోజుల ముందే డీఎన్ఎస్‌లో, అంటే డొమైన్ పేరుని ఐపీకి కలిపే చోట, టీటీఎల్‌ని (ఆ ఐపీని ఎంతసేపు గుర్తుంచుకోవాలో చెప్పే అంకె) 300 సెకన్లకి తగ్గించండి. కొత్త సర్వర్‌లో సైట్ మొత్తం పెట్టి, మీ కంప్యూటర్‌లో డొమైన్ కొత్త ఐపీకి వెళ్ళేలా హోస్ట్స్ ఫైల్ మార్చి మీరొక్కరే అన్ని పేజీలూ, ఫారాలూ చూస్కోండి. ఆర్డర్లు వచ్చే సైట్ అయితే మార్చే గంటసేపు పాతదాన్ని మెయింటెనెన్స్‌లో పెట్టి, చివరిసారి డేటాబేస్ తెచ్చుకుని అప్పుడు సైట్ ఏ ఐపీలో ఉందో చెప్పే 'A' రికార్డ్ మార్చండి, మెయిల్ ఎక్కడికి వెళ్ళాలో చెప్పే ఎంఎక్స్ రికార్డ్ మాత్రం పాత సర్వర్‌నే చూపిస్తూ ఉండాలి, మెయిల్ ఇంకా పాతచోటే ఉంది కదా. పాత అకౌంట్‌ని కనీసం రెండు వారాలు ఉంచండి, మెయిల్ బాక్సులన్నీ కొత్త సర్వీస్‌కి వచ్చాయో లేదో చూస్కున్నాకే దాన్ని క్యాన్సిల్ చెయ్యండి.