పదకొండేళ్లు పడుకున్న అంబాసిడర్: సెల్ఫ్ కొట్టేముందు వాల్వ్‌లు చూడండి

(దృశ్యం: మల్కాజిగిరిలో ఒక ఇంటి షెడ్డు. దుమ్ముపట్టిన తెల్ల అంబాసిడర్. తాళంచెవి మీద ఒక చెయ్యి.)

ఆ చెయ్యి నాదే. ఇంకో క్షణం ఆగితే సెల్ఫ్ కొట్టేసేవాణ్ణి. "ఆగు బేటా, ఇంజిన్‌ని చంపేస్తావా?" అని మా మెకానిక్ ఉస్తాద్ కేకేశారు.

నమస్తే. ఇది మా మామయ్యగారి 1982 మోడల్ మార్క్ 4. కదిలి పదకొండేళ్లయింది. ఇలాంటి బండ్లకు పెద్ద దెబ్బ తగిలేది ఎక్కువగా మనం లేపిన రోజే. ఎందుకో చూడండి.

(దృశ్యం: అట్ట మీద పెన్సిల్ బొమ్మ.)

గాలి, పెట్రోలు లోపలికి, పొగ బయటికి వదిలే తలుపులే వాల్వ్‌లు. వాటిని తెరిచే క్యామ్, అంటే ఉబ్బులున్న కడ్డీ, ఈ 1489 సీసీ ఇంజిన్లో అడుగున, బ్లాకులో ఉంటుంది. అది ట్యాపెట్‌ని ఎత్తుతుంది, ట్యాపెట్ పుష్‌రాడ్‌ని తోస్తుంది, పుష్‌రాడ్ రాకర్‌ని లేపుతుంది, రాకర్ అవతలి కొస వాల్వ్‌ని నొక్కుతుంది. తిరిగి మూసేది స్ప్రింగే. ఇంజిన్ ఎక్కడ ఆగినా ఏదో ఒక వాల్వ్ తెరుచుకునే ఉంటుంది. ప్రతి వానాకాలం ఆ సందుల్లోంచి చెమ్మ దూరి తుప్పు పడుతుంది. ఇన్‌లెట్ వైపు, అంటే పెట్రోలు లోపలికి వచ్చే వైపు, పాత పెట్రోలు బంకలా మారి వాల్వ్ కాడను అది జారే గొట్టానికి, అంటే గైడ్‌కి, అంటించేస్తుంది. అప్పుడు సెల్ఫ్ కొడితే మోటారు ఆగదు కదా, వాల్వ్ కదలదు, మధ్యలో సన్నగా ఉన్న పుష్‌రాడ్ వంగుతుంది.

(దృశ్యం: ట్యాపెట్ కవర్ తీసిన ఇంజిన్. వరసగా ఎనిమిది రాకర్లు.)

ప్లగ్గులు నాలుగూ తీసేశాం. సిలిండర్లో గాలి ఒత్తిడి, అంటే కంప్రెషన్, లేకపోతేనే చేతికి అసలు బిగుతు తెలుస్తుంది. సిలిండర్లలో, వాల్వ్ కాడల మీద కాస్త ఆయిల్ వేసి రెండు రోజులు వదిలేశాం. ఓపిక లేకపోతే ఈ పని పెట్టుకోకండి.

తర్వాత క్రాంక్ పుల్లీ నట్టుకి పానా వేసి చేత్తో తిప్పాం. రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టు తిరుగుతుంది, ఎనిమిది వాల్వ్‌లూ ఒక్కసారైనా దిగి లేవాలి. ముందు నుంచి లెక్కపెడితే ఆరోదాని దగ్గర, అంటే మూడో సిలిండర్ ఇన్‌లెట్ దగ్గర, పానా బిగిసింది. ఉస్తాద్ వెంటనే ఆపించారు. ఇంకాస్త ఆయిల్, ప్లాస్టిక్ సుత్తితో చిన్న చిన్న దెబ్బలు, కొంచెం వెనక్కి, కొంచెం ముందుకి. మధ్యాహ్నానికి వదిలింది.

ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. ఆ రాకర్ వేలితో కదిపితే లొడలొడమంటోంది. రాకర్‌కీ వాల్వ్ కాడకీ మధ్య మిగతా వాటికి లేనంత గ్యాప్. రాకర్ మీది స్క్రూ బిగిస్తే గ్యాప్ సరిపోతుంది, రోగం మాత్రం లోపలే ఉండిపోతుంది. పుష్‌రాడ్ వంగితే పొడవు తగ్గి ఇలాగే గ్యాప్ పెరుగుతుంది. అందుకే స్క్రూ వదులు చేసి, రాకర్‌ని స్ప్రింగ్ మీదికి పక్కకి జరిపి, పుష్‌రాడ్‌ని పైకి లాగాం. రాకర్ షాఫ్ట్ మొత్తం విప్పాలనుకుంటే జాగ్రత్త: దాని నట్లలో కొన్ని హెడ్‌ని, అంటే సిలిండర్ల మీది మూతని, కూడా పట్టి ఉంచుతాయి. రేడియేటర్ నీళ్లు దించి, హెడ్ నట్లన్నీ వరసగా వదులు చేయకుండా వాటిని ముట్టుకోకండి.

(దృశ్యం: డైనింగ్ టేబుల్ అద్దం మీద దొర్లుతున్న పుష్‌రాడ్.)

అద్దం మీద దొర్లిస్తే మధ్యలో ఎగిరెగిరి పడుతోంది. వంగింది. అత్తయ్య చూసి టేబుల్ మళ్లీ తుడిపించిందనుకోండి, అది వేరే విషయం.

రాణిగంజ్‌లో పుష్‌రాడ్ దొరికింది. పాతవాటిని అట్టముక్కకి ఎనిమిది కన్నాలు పెట్టి, నంబర్లు వేసి గుచ్చాం. ఏది ఎక్కడిదో అక్కడికే వెళ్లాలి. గ్యాప్ పెట్టడానికి తొమ్మిది లెక్క గుర్తుంచుకోండి. ఎనిమిదో వాల్వ్ పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఒకటోది, ఆరోది తెరిస్తే మూడోది సెట్ చేయాలి. రెండూ కలిపితే ఎప్పుడూ తొమ్మిదే.

ఇవన్నీ అయ్యాకే సెల్ఫ్ కొట్టి కంప్రెషన్ చూశాం. మూడో సిలిండర్ బాగా తక్కువ. చెంచాడు ఆయిల్ పోసినా పెరగలేదు. పెరిగి ఉంటే పిస్టన్ రింగులు అరిగాయని అనుకోవచ్చు. సిలిండర్లోకి గాలి పట్టిస్తే కార్బ్యురేటర్‌లోంచి బుస్సుమంది. సైలెన్సర్లోంచి వస్తే ఎగ్జాస్ట్ వాల్వ్, ఆయిల్ పోసే మూతలోంచి వస్తే రింగులు. మనది ఇన్‌లెట్ సీటు, అంటే వాల్వ్ ఆనే చోటు. హెడ్ దించి వాల్వ్ గ్రైండింగ్ చేయించాల్సిందే.

ఇంతకీ పుష్‌రాడ్ తీసేనాటికి మేం సెల్ఫ్ కొట్టనే లేదు కదా, అది ఎలా వంగింది? సాయంత్రం టీ తాగుతుంటే మా బావ గొంతు సవరించుకున్నాడు.

"పోయిన దసరాకి... ఒక్కసారే కొట్టాను రా."