చిల్లర్ ప్లాంట్‌లో అప్రెంటిస్: రీడింగులు రాయడమేనా పని?

నమస్తే అండీ. ఐటీఐ పూర్తిచేసిన తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ మధ్య నన్ను ఒకటే అడుగుతున్నారు. "అన్నా, పెద్ద బిల్డింగ్‌లో ఏసీ ప్లాంట్‌కి అప్రెంటిస్‌గా తీసుకున్నారు. నెల రోజుల నుంచి గంటగంటకీ రీడింగులు రాయిస్తున్నారు. స్పానర్ చేతికివ్వడం లేదు. ఇందులో నేర్చుకునేదేముంది? మానేసి స్ప్లిట్ ఏసీ సర్వీసింగ్‌కి పోనా?" అని.

తొందరపడి మానేయొద్దు. ఎందుకంటున్నానో నాకు జరిగిందే చెబుతాను.

నేను కూడా రిఫ్రిజిరేషన్, ఎయిర్ కండిషనింగ్ ట్రేడ్‌లో రెండేళ్ల ఐటీఐ చేసి, హైదరాబాద్ మాదాపూర్ వైపు ఒక ఐటీ బిల్డింగ్‌లో అప్రెంటిస్‌గా చేరాను. ఐటీఐలో నేను విప్పి చూసింది మహా అయితే రెండు టన్నుల ఏసీ. ఇక్కడ బేస్‌మెంట్‌లో ప్లాంట్ రూమ్ తలుపు తీస్తే మూడు చిల్లర్లు, అంటే బిల్డింగ్ ఏసీ కోసం నీళ్లను చల్లబరిచే మిషన్లు, ఒక్కొక్కటి 500 టన్నులు. ఆ హోరులో పక్కమనిషి మాట వినపడదు. మొదటి రోజు నాకు నిజంగా భయమేసింది.

టన్ను అంటే మిషన్ బరువు కాదండీ. అమెరికా లెక్కలో ఒక టన్ను, అంటే 907 కిలోల ఐసు, 24 గంటల్లో పూర్తిగా కరగడానికి ఎంత వేడి పీల్చుకుంటుందో అది ఒక టన్ను చల్లదనం. కిలోవాట్లలో సుమారు మూడున్నర. ఐసు దిమ్మలతో గదులు చల్లబరిచిన రోజుల నాటి కొలత ఇంకా మన నేమ్‌ప్లేట్ల మీద ఉంది.

ఇప్పుడు ఆ వేడి ఎటు పోతుందో చూడండి. చిల్లర్ నీళ్లను సుమారు 7 డిగ్రీలకు చల్లబరుస్తుంది. పంపులు ఆ నీళ్లను ప్రతి అంతస్తులో ఉన్న ఏహెచ్‌యూలకు పంపుతాయి. ఏహెచ్‌యూ అంటే లోపల నీటి కాయిల్, దాని వెనక పెద్ద ఫ్యాన్ ఉన్న డబ్బా. గదిలో గాలి ఆ కాయిల్ మీదుగా వెళ్లి చల్లబడుతుంది, నీళ్లు 12 డిగ్రీలై తిరిగొస్తాయి. చిల్లర్ ఆ వేడిని గ్యాస్ ద్వారా లాగి, కండెన్సర్‌లో ఇంకో నీళ్లకు అప్పగిస్తుంది. ఆ రెండో నీళ్లు టెర్రస్ మీద కూలింగ్ టవర్‌కి ఎక్కి, చినుకులుగా పడుతూ కొంత ఆవిరై, చల్లబడి కిందికి దిగుతాయి. ఏడో అంతస్తులో కూర్చున్నవాళ్ల ఒంటి వేడి, వాళ్ల కంప్యూటర్ల వేడి, అంతా చివరికి టెర్రస్ మీద ఆవిరిగా పోతుంది.

కూలింగ్ టవర్ అర్థం కావడానికి మా అమ్మ కుండ గుర్తు తెచ్చుకున్నాను. ఏప్రిల్‌లో పొడి ఎండకు కుండలో నీళ్లు గొంతు జిల్లుమనేలా ఉంటాయి. వానాకాలం ముసురులో అదే కుండ, అవే నీళ్లు, అంత చల్లబడవు. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే నీళ్లు ఆవిరి కాలేవు కాబట్టి. టవర్‌దీ అదే పద్ధతి. ఎండ 40 డిగ్రీలు దాటిన హైదరాబాద్ మధ్యాహ్నం కూడా గాలి పొడిగా ఉంటే టవర్ నీళ్లు 30 లోపు రాగలవు. విశాఖలో ఉక్కపోత రోజున ఎండ అంత లేకపోయినా ఆ చల్లదనం రాదు. ఆ రోజు గాలిలో నీళ్లు ఆవిరవుతూ ఎంతవరకు చల్లబడగలవో ఆ డిగ్రీనే మన భాషలో వెట్ బల్బ్ అంటాం. టవర్ నీళ్లు వెట్ బల్బ్ కన్నా కిందికి దిగవు, ఎన్ని ఫ్యాన్లు తిప్పినా సరే.

ఇక లాగ్ బుక్ దగ్గరికి వస్తాను. గంటకోసారి చిల్లర్‌కి లోపలికెళ్లే నీళ్లు, బయటికొచ్చే నీళ్లు, ప్రెషర్లు, ఆంప్స్, ఆయిల్, టవర్ నీళ్లు, పంపు గేజులు. నాకు నలభై గళ్లు ఉండేవి. మొదటి రెండు వారాలు నేనేం చేశానంటే, పై గంట రీడింగు చూసి ఒక పాయింటు అటూ ఇటూ మార్చి కింద రాసేవాణ్ణి. చుట్టూ చాలామంది అలాగే రాసేవాళ్లు. తప్పని కూడా అనిపించలేదు.

మా సీనియర్ ఆపరేటర్ అన్న ఒకరోజు నా వెనక వచ్చి నిలబడ్డాడు.

"తమ్మీ, టవర్ నీళ్లు ఎంతున్నయ్?"

"29 అన్నా."

"పోయి చూసినవా, పైగడి చూసి రాసినవా?"

నేను తలవంచుకున్నాను. ఆయన తిట్టలేదు. లాగ్ బుక్ వెనక అట్ట తిప్పి పెన్ను నా చేతికిచ్చాడు. "ప్యానెల్ మీద కండెన్సింగ్ టెంపరేచర్ చూడు. కండెన్సర్‌ల నుంచి బయటికొచ్చే నీళ్లది చూడు. తీసివెయ్" అన్నాడు. చూసి తీసివేశాను. 4 డిగ్రీలు వచ్చింది. "ఇప్పుడు జనవరి పేజీ తియ్యి, ఇంతే లోడ్ ఉన్న గంట పట్టు, అప్పుడెంత?" ఒకటిన్నర.

కండెన్సింగ్ టెంపరేచర్ అంటే కండెన్సర్‌లో గ్యాస్ వేడి. దానికీ, బయటికొచ్చే నీళ్ల వేడికీ ఉన్న ఈ తేడానే అప్రోచ్ అంటారు. కండెన్సర్ గొట్టాలు శుభ్రంగా ఉంటే గ్యాస్ వేడి సులువుగా నీళ్లలోకి దిగిపోతుంది, కాబట్టి రెండింటి మధ్య తేడా తక్కువ. గొట్టాల లోపల పొర కట్టిందనుకోండి, వేడి దాటలేక గ్యాస్ వేడెక్కుతుంది, తేడా పెరుగుతుంది. మా లాగ్ బుక్‌లో ఈ అప్రోచ్‌కి గడి లేదు. రెండు గళ్లలో రాసింది తీసివేస్తేనే కనబడుతుంది. ఆ రెండిట్లో ఒకటి ఊహించి రాస్తే ఎప్పటికీ కనబడదు. మూడు నెలలుగా ఎవరికీ కనబడకపోవడానికి అదే కారణం. వాళ్లలో నేనూ ఉన్నాను. ఆ సంగతి ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఆ రెండున్నర డిగ్రీలతో ఏమవుతుందంటారా? కండెన్సింగ్ ఒక్క డిగ్రీ పెరిగితే కంప్రెసర్ సుమారు 2 నుంచి 3 శాతం ఎక్కువ కరెంటు తాగుతుంది. 500 టన్నుల చిల్లర్ ఫుల్ లోడ్‌లో గంటకు 300 యూనిట్లు తీసుకుంటుందనుకుంటే, రెండున్నర డిగ్రీలకు గంటకు 15 నుంచి 22 యూనిట్లు అదనం. పది గంటలు నడిస్తే 150 యూనిట్ల పైమాటే. మా ఊళ్లో మా ఇంటికి నెలంతా కాలే కరెంటు ఒక్కరోజులో, ఒక్క మిషన్‌లో, ఎవరికీ చల్లదనం ఇవ్వకుండా పోతోంది. ఇంకా పెరిగితే ఎండాకాలం మధ్యాహ్నం హై ప్రెషర్‌తో చిల్లర్ ట్రిప్ అవుతుంది, అంటే దానంతట అదే ఆగిపోతుంది. అప్పుడు ప్రతి అంతస్తు నుంచి ఫోన్లు, ఆ టెన్షన్ వేరే చెప్పక్కర్లేదు.

పొర ఎందుకు కట్టింది? మన బోరు నీళ్లతో గీజర్ కాయిల్ మీద తెల్లగా గట్టిపడుతుంది చూడండి, అదే సున్నం. టవర్‌లో నీళ్లు ఆవిరైపోతాయి, అందులోని ఉప్పూ సున్నమూ మిగిలిపోతాయి. అందుకే కొంత నీళ్లు ఎప్పటికప్పుడు వదిలేసి కొత్త నీళ్లు కలపాలి. దాన్ని బ్లోడౌన్ అంటాం. వేసవిలో నీళ్లు ట్యాంకర్లతో వస్తున్నాయి కదా, పొదుపని ఎవరో ఆ వాల్వ్ మూసేశారు. దానికి తోడు నీళ్లలో సున్నాన్ని తీసేసే సాఫ్ట్‌నర్‌లో ఉప్పు అయిపోయి చాన్నాళ్లయింది. అయినా డోసింగ్ (టవర్ నీళ్లలో మందు కలపడం) గడిలో, సాఫ్ట్‌నర్ గడిలో టిక్కులు మాత్రం వరుసగా ఉన్నాయి.

ఆ టిక్కుల గురించి ఒక్క మాట. 1976లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో మాజీ సైనికుల సభ ఒక హోటల్లో జరిగింది. సభకు వచ్చినవాళ్లు వరసగా న్యుమోనియాతో పడిపోయారు, చాలామంది చనిపోయారు. మరుసటి ఏడాది జనవరిలో శాస్త్రవేత్తలు ఆ బ్యాక్టీరియాను పట్టుకున్నారు. దానికి లీజియోనెల్లా అని పేరు వచ్చింది. గోరువెచ్చటి నీళ్లలో, నాచులో అది పెరుగుతుంది. సరిగ్గా చూసుకోని కూలింగ్ టవర్ నుంచి వచ్చే తుంపరతో మనుషుల ఊపిరితిత్తుల్లోకి వెళ్లగలదు. అందుకే బయోసైడ్, అంటే క్రిముల్ని చంపే మందు, డోసింగ్ వెయ్యకుండా వేసినట్టు టిక్కు పెట్టడం నా దృష్టిలో చిన్న అబద్ధం కాదు. టవర్ పక్కన పనిచేసే మొదటి మనిషి మనమే. టవర్ కడిగేటప్పుడు మాస్కు కచ్చితంగా అడిగి తీసుకోండి.

అడగాల్సింది ఇంకోటి ఉంది, తాళం. ఏహెచ్‌యూ బెల్టు మార్చడానికి వెళ్తాం. కంట్రోల్ రూమ్‌కి ఫోన్ చేస్తే కంప్యూటర్‌లో ఫ్యాన్ ఆపేస్తారు. అంతటితో చెయ్యి లోపల పెట్టేయకండి. ఆ కంప్యూటర్ సిస్టమ్‌ని బీఎంఎస్ అంటాం, అందులో టైమ్ షెడ్యూల్ ఉంటుంది, ఆ టైమ్ రాగానే ఫ్యాన్ దానంతట అదే తిరుగుతుంది. మా అన్న ప్రతిసారీ ఐసొలేటర్, అంటే ఆ ఫ్యాన్‌కి కరెంటు తెంపే స్విచ్, ఆఫ్ చేసి, దానికి తాళం వేసి, తాళంచెవి తన జేబులో పెట్టుకునేవాడు. తర్వాత స్టార్ట్ కొట్టి చూసేవాడు, రాలేదని తేలాకే తలుపు తీసేవాడు. నాకు వెయ్యిసార్లు చెప్పినా అంత నాటుకునేది కాదేమో, ఆయన చెయ్యగా చూసి నేర్చుకున్నాను.

కాగితాల సంగతి కొంచెం. మన శిక్షణ 1961 అప్రెంటిసెస్ చట్టం కింద వస్తుంది. కాంట్రాక్టు రిజిస్టర్ అయిందో లేదో మొదటి వారంలోనే కనుక్కోండి, కాపీ మీ దగ్గర పెట్టుకోండి. చట్టం ప్రకారం అప్రెంటిస్ ట్రైనీయే, వర్కర్ కాదు. కానీ శిక్షణలో, ఆ పని వల్ల దెబ్బ తగిలితే పరిహారం ఇవ్వాలని ఆ చట్టంలోనే 16వ సెక్షన్ చెబుతుంది. అది మీకు తెలిసి ఉండాలి. శిక్షణ అయ్యాక అక్కడే ఉద్యోగం గ్యారంటీ అనుకుని మాత్రం ఉండకండి. కాంట్రాక్టులో అలా రాసి ఉంటే తప్ప ఇచ్చి తీరాలని లేదు.

మళ్లీ మా చిల్లర్ దగ్గరికి. వెనక అట్ట మీద వేసిన లెక్కను అన్న మేనేజర్ గారికి చూపించాడు. లెక్క వేసింది ఈ పిల్లాడే సార్ అని నన్ను ముందుకు తోశాడు. తర్వాతి ఆదివారం ఆ మిషన్ ఆపారు. కండెన్సర్ రెండు వైపులా మూతలు విప్పితే వందల గొట్టాలు, ప్రతి దాని నోటి దగ్గరా ముగ్గుపిండిలా తెల్లటి పొర. డీస్కేలింగ్ కెమికల్ తిప్పి, కడిగి, ఆ తర్వాత గొట్టం గొట్టానికీ నైలాన్ బ్రష్ దూర్చాం. ఆ రోజే మొదటిసారి స్పానర్ నా చేతికిచ్చారు. సాయంత్రానికి భుజాలు పట్టేశాయి. సాఫ్ట్‌నర్‌లో ఉప్పు పోశాం, బ్లోడౌన్ వాల్వ్ తెరిచాం.

సోమవారం బిల్డింగ్ నిండి లోడ్ ఎక్కాక, పదకొండు గంటల రీడింగుకి నేనే వెళ్లాను. ప్యానెల్ చూశాను, నీళ్ల థర్మామీటర్ చూశాను, తీసివేశాను. 1.6 వచ్చింది. స్కేలు పెట్టి లాగ్ బుక్ అంచున కొత్త గడి గీసి, పైన అప్రోచ్ అని రాసి, కింద ఆ అంకె వేశాను.