మేనేజర్ మారితే అదే ఉద్యోగం వేరేలా ఎందుకుంటుంది?

[స్క్రీన్ మీద: 2002, గూగుల్]

2002లో గూగుల్ ఒక వింత పని చేసింది. ఇంజినీర్ల మీద మేనేజర్లు అక్కర్లేదని ఆ అంచెనే ఎత్తేసింది. వినడానికి ఎంత హాయిగా ఉందో కదా! కొన్ని నెలలకే మళ్లీ పాత పద్ధతికి వచ్చేశారు. ఖర్చుల బిల్లుల దగ్గర్నుంచి ఉద్యోగుల మధ్య గొడవల దాకా అన్నీ నేరుగా గూగుల్ వ్యవస్థాపకుల్లో ఒకరైన లారీ పేజ్ దగ్గరికే వెళ్లడం మొదలైంది మరి.

సరే, మేనేజర్ కావాలి. ఎలాంటి మేనేజర్? 2009లో అదే గూగుల్ తన అప్రైజల్స్, ఉద్యోగుల సర్వేలు ముందేసుకుని 'ప్రాజెక్ట్ ఆక్సిజన్' పేరుతో ఈ లెక్క తేల్చడానికి కూర్చుంది. మంచి మేనేజర్లలో ఎనిమిది లక్షణాలు కనిపించాయి. టెక్నికల్ నైపుణ్యం చిట్టచివర, ఎనిమిదో స్థానంలో ఉంది. మొదటిది దగ్గరుండి నేర్పించడం. రెండోది, పని అప్పజెప్పాక ప్రతిదాంట్లో వేలు పెట్టకపోవడం.

ఈ రెండోదాని దగ్గర కాసేపు ఆగుదాం. మన ఆఫీసుల్లో చాలామందికి ప్రాణం విసిగేది ఇక్కడే.

[విజువల్: మాదాపూర్‌లో ఒక ఆఫీసు. సాయంత్రం. చాట్ విండో]

ఊహకి ఒక అమ్మాయిని తీసుకుందాం. సాఫ్ట్‌వేర్‌లో ఒక బగ్, అంటే తప్పు, ఫిక్స్ చేస్తోంది. నాలుగింటికి టీమ్ లీడ్ నుంచి మెసేజ్: "అప్‌డేట్ ప్లీజ్." నాలుగున్నరకి: "అయిందా?" ఐదింటికి కాల్: "స్క్రీన్ షేర్ చెయ్యమ్మా, చూద్దాం." ఆమె టైప్ చేస్తుంటే అవతల నుంచి "ఆ వేరియబుల్ పేరు మార్చు" అని సలహా. ఆరింటికి క్లయింట్ మెయిల్ ఆమెతోనే రాయించి, నాలుగుసార్లు దిద్ది, చివరికి తన పేరుతో పంపుకుంటాడు. ఒక్క మాట తిట్టలేదు. నోరారా "అమ్మా" అనే పిలిచాడు. అయినా క్యాబ్ ఎక్కగానే ఆమె చేసిన మొదటి పని, జాబ్ పోర్టల్లో రెజ్యూమె అప్‌డేట్ చేయడం.

అదే బగ్, ఇంకో లీడ్. "రేపు పదకొండింటి కాల్ లోపు కావాలి. ఎక్కడైనా ఇరుక్కుంటే పింగ్ చెయ్, ఆన్‌లైన్లోనే ఉంటా." అంతే. జీతం అదే, గడువూ అదే.

గమనించారా, మొదటాయన చెడ్డవాడేం కాదు. నా ఉద్దేశంలో మనం మేనేజర్లని "మంచోడు, చెడ్డోడు" అని విడదీయడమే తప్పు. నా పని ఎలా చేయాలో తేల్చుకునే చోటు నాకు ఎంత మిగిల్చాడన్నదే చూడాలి. ఆ చోటు లేకపోతే శుక్రవారం పిజ్జా పార్టీ పెట్టినా, రిసార్ట్‌లో టీమ్ ఔటింగ్ పెట్టినా ఒరిగేదేం లేదు.

[విజువల్: లండన్, ప్రభుత్వ కార్యాలయాలు]

ఇది ఒట్టి మనసుకి సంబంధించిన విషయం అనుకోకండి. లండన్‌లోని ప్రభుత్వ ఆఫీసుల్లో 1985లో 'వైట్‌హాల్ టూ' అనే అధ్యయనం మొదలైంది. పది వేల మందికి పైగా ఉద్యోగుల్ని ఏళ్ల తరబడి గమనించారు. బరువులు మోసేవాళ్లు కారు, కుర్చీలో కూర్చుని ఫైళ్లు చూసేవాళ్లు. 1997లో వచ్చిన ఫలితాల ప్రకారం, తమ పని ఎలా చేయాలో తామే తేల్చుకునే వీలు తక్కువగా ఉన్నవాళ్లలో గుండెజబ్బు ముప్పు ఎక్కువగా కనిపించింది.

మరి పూర్తిగా వదిలేస్తే? 1939లో అమెరికాలో కర్ట్ లెవిన్ అనే మనస్తత్వవేత్త బృందం పదేళ్ల పిల్లల క్లబ్బుల మీద చేసిన ప్రయోగం దీనికి జవాబు చెబుతుంది. హుకుం జారీ చేసే లీడర్ దగ్గర పని బాగానే సాగింది, ఆయన గది దాటగానే ఆగింది. కలిసి నిర్ణయించుకున్న గుంపు లీడర్ లేకపోయినా పని చేసుకుంటూనే పోయింది. "మీ ఇష్టం" అని వదిలేసిన గుంపు అందరికన్నా తక్కువ చేసింది. కాల్స్‌కి రాకుండా, మెయిల్‌కి జవాబివ్వకుండా "మా టీమ్‌కి నేను ఫుల్ ఫ్రీడమ్ ఇస్తా" అనే మేనేజర్లు మనకీ తెలుసు.

[స్క్రీన్ మీద: బెల్ కర్వ్ బొమ్మ]

ఇంకో చిక్కుంది. మేనేజర్ ఎంత సరైనవాడైనా పైనుంచి వచ్చే పద్ధతి చేతులు కట్టేయొచ్చు. మైక్రోసాఫ్ట్‌లో ఒకప్పుడు, టీమ్ అంతా బాగా చేసినా కొందరికి అడుగు రేటింగ్ ఇచ్చి తీరాల్సి వచ్చేది. దాంతో గట్టివాళ్లున్న టీమ్‌లో చేరడానికి జంకేవాళ్లు. పక్కవాడికి సాయం చేస్తే మన రేటింగ్‌కే ఎసరు కదా! 2013 నవంబర్‌లో దాన్ని రద్దు చేశారు. మన హైదరాబాదీ కాబట్టి సత్య నాదెళ్ల ఖాతాలో వేసుకోవాలని ఉంటుంది గానీ, ఆయన సీఈఓ అయింది 2014 ఫిబ్రవరిలో. కొత్త పద్ధతిలో 'నువ్వేం సాధించావు'తో పాటు 'ఇతరుల విజయానికి ఎంత తోడ్పడ్డావు' అన్నదీ చూడటం మొదలుపెట్టారు. ప్రశ్న మారేసరికి పక్కవాడికి సాయం చేయడం కూడా లెక్కలోకి వచ్చింది.

[యాంకర్ నేరుగా కెమెరాతో]

ఇదంతా జాయినయ్యాక తెలిస్తే ఏం లాభం అంటారా? ఇంటర్వ్యూ చివర్లో "మీరేమైనా అడుగుతారా?" అంటారు కదా. అప్పుడు కాబోయే మేనేజర్‌ని ఇదడగండి: "కిందటిసారి ప్రొడక్షన్‌లో ఇష్యూ వచ్చినప్పుడు మీ టీమ్‌లో ఏం చేశారు?" జవాబులో ముందు ఆ తప్పు ఎవరు చేశారన్నది వస్తుందా, అది ఎలా జరిగిందన్నది వస్తుందా వినండి. ముందు మనిషి పేరే వస్తే, ప్యాకేజీ నచ్చినా ఆ ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టేముందు ఆ టీమ్‌లో పనిచేసి మానేసినవాళ్లు ఒకరిద్దరితో మాట్లాడండి.