నశించని శక్తిని పొదుపు చేయడమెందుకు?

అందరికీ నమస్కారం.

శక్తిని సృష్టించలేం, నాశనం చేయలేం, దాని రూపం మాత్రమే మారుతుంది. శక్తి నిత్యత్వ నియమం అంటూ దీన్ని స్కూల్లో అందరం బట్టీ పట్టాం. మరి నాశనమే కానిదాన్ని పొదుపు చేయమని ఎందుకు పోరుతున్నారు? పిల్లలు ఇలా అడిగితే పెద్దలు చాలామంది మాట దాటేస్తారు. నా దృష్టిలో ఈ పాఠం మొత్తంలో అసలైన ప్రశ్న ఇదే.

జవాబు కోసం ముందు ఉష్ణానికీ ఉష్ణోగ్రతకీ తేడా చూడాలి. ఒక గ్లాసులో మరిగిన నీళ్లు, ఒక పెద్ద ట్యాంకు నిండా గోరువెచ్చని నీళ్లు ఉన్నాయనుకోండి. ఉష్ణోగ్రత గ్లాసులో ఎక్కువ. చల్లారేటప్పుడు బయటికొచ్చే ఉష్ణం మాత్రం ట్యాంకుదే ఎక్కువ. అయినా ట్యాంకులోని ఉష్ణం తనంతట తాను గ్లాసులోకి వెళ్లదు. ఉష్ణం వేడి వస్తువు నుంచి చల్లని వస్తువుకే ప్రవహిస్తుంది. అంత శక్తి ఉండీ మనకు పెద్దగా పనికిరాకపోవడం చూశారా!

1840లలో ఇంగ్లండ్ శాస్త్రవేత్త జేమ్స్ జౌల్ బరువులు కిందికి దిగుతుంటే నీటిలో తెడ్లు తిరిగే ఏర్పాటు చేసి, నీరు వేడెక్కడాన్ని కొలిచాడు. ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ సెల్సియస్ వేడి చేయడానికి సుమారు 4.2 జౌళ్లు కావాలి (శక్తిని కొలిచే ప్రమాణం జౌల్). కానీ ఆ నీరు చల్లబడి, బరువులు వాటంతటవే పైకి లేవడం ఎవరూ చూడలేదు. ఆ దారి ఒకవైపే.

థర్మల్ విద్యుత్ కేంద్రంలోనూ ఇదే కథ. బొగ్గులోని రసాయన శక్తి ఉష్ణమై, ఆవిరిని పుట్టించి, టర్బైన్‌ను తిప్పుతుంది. చివరికి విద్యుత్తుగా చేతికొచ్చేది సుమారు మూడో వంతు, మంచి ప్లాంటైతే ఇంకొంచెం ఎక్కువ. మిగతాది పొగగొట్టం నుంచీ, కూలింగ్ టవర్ల నుంచీ పోతుంది. ఇది ఇంజనీర్ల చేతకానితనం కాదు. ఉష్ణాన్ని పనిగా మార్చే ఏ యంత్రానికైనా దాటలేని హద్దు ఉందని ఫ్రెంచ్ ఇంజనీరు సాడీ కార్నో 1824లోనే చూపించాడు. వచ్చిన ఆ విద్యుత్తు కూడా బల్బులోనో ఫ్యానులోనో పనిచేసి, ఆఖరికి గదిలో వేడిగానే కలిసిపోతుంది.

కాబట్టి కరిగిపోతున్నది శక్తి కాదు, వాడుకోవడానికి అనువుగా ఒకచోట పోగుపడిన శక్తి. బొగ్గు, పెట్రోలియం తయారవడానికి కోట్ల ఏళ్లు పట్టింది. గాలిని, వాననీటిని సూర్యుడు రోజూ కదిలిస్తూనే ఉంటాడు, అందుకే వాటిని పునరుత్పాదక వనరులంటాం. కట్టెల సంగతే కాస్త తిరకాసు. చెట్లు పెరిగే దానికన్నా వేగంగా నరికితే అవీ తరిగిపోయే వనరే.

ఇక మీ ప్రశ్నలు అడగండి.