భార్య పోయింది, భర్త జైల్లో ఉన్నాడు. తలకొరివి ఎవరు పెట్టాలి?

నమస్తే అండి. జయలలిత నెచ్చెలి శశికళ గుర్తున్నారు కదా? 2018 మార్చి 20న ఆవిడ భర్త నటరాజన్ చెన్నైలో చనిపోయారు. ఆవిడేమో బెంగళూరు పరప్పన అగ్రహార జైల్లో ఉన్నారు. 15 రోజుల పెరోల్ (శిక్ష పడ్డవాళ్లను కొన్నాళ్లు బయటికి పంపడం) ఇచ్చారు, తంజావూరు దగ్గర విళార్‌లో జరిగిన అంత్యక్రియలకు వెళ్లగలిగారు. "ఆవిడకేం, పెద్దవాళ్లు" అంటారా? మొదట నేనూ అదే అన్నాను.

కానీ ఆవిడకు అప్పటికే శిక్ష పడింది, అందుకే పెరోల్. మన జైళ్లలో ఎక్కువమంది ఇంకా కేసు తేలని రిమాండ్ ఖైదీలే. ఇంట్లో చావు జరిగిన టెన్షన్‌లో బంధువులు జైలు గేటు దగ్గరికి పరిగెత్తి పెరోల్ అడుగుతారు. అక్కడ ఎంత బతిమాలినా లాభం లేదు. కేసు నడుస్తున్న కోర్టుకే వెళ్లాలి. మధ్యంతర బెయిల్ (కొద్దిరోజులకే ఇచ్చే బెయిల్) ఇవ్వండి, కుదరదంటే పోలీసు ఎస్కార్ట్‌తోనైనా పంపండి అని ఒకే పిటిషన్‌లో అడిగించండి. చనిపోయినట్టు ఆస్పత్రి ఇచ్చిన కాగితం జత చేయండి. ఇంట్లోనే పోతే పంచాయతీ కార్యదర్శి దగ్గర రాయించుకోండి. ఎస్కార్ట్ అంటే కొన్ని గంటలే సుమా. ఢిల్లీ జైలు నిబంధనల్లో ప్రయాణం కాకుండా 6 గంటలకు మించకూడదని రాసే ఉంది.

అడిగితే ఇచ్చి తీరతారనీ లేదు. 2020 ఆగస్టులో ప్రొఫెసర్ సాయిబాబా తల్లి హైదరాబాద్‌లో చనిపోతే, మావోయిస్టులతో సంబంధాల కేసులో శిక్ష పడి నాగపూర్ జైల్లో ఉన్న ఆయనకు చివరిచూపు దక్కలేదు. 2024 మార్చిలో బాంబే హైకోర్టు ఆయన్ను నిర్దోషి అంది.

సరే, జైల్లో ఉన్న భర్త వచ్చేలోపు దహనం ఎవరు చేయాలి? "జైలుకెళ్లినవాడికి మా పిల్లతో ఏం సంబంధం?" అంటారు పుట్టింటివాళ్లు. జైలుకెళ్తే పెళ్లి రద్దు కాదండీ. అలాగని శవం మీద భర్తకు ముందు హక్కు, తండ్రికి తర్వాత అని వరస రాసిన చట్టమూ మనకు లేదు. లోపలున్న మనిషి "నా బదులు మా తమ్ముడు చేస్తాడు" అని జైలు అధికారి ముందు రాసి పంపితే, దానికి చట్టబలం పెద్దగా లేకపోయినా చాలా గొడవలు అక్కడే చల్లారతాయి.

అసలు చిక్కు ఆమె చావు కేసులోనే భర్త అరెస్టయినప్పుడు. పెళ్లై 7 ఏళ్లలోపు సహజంగా కాకుండా పోతే ఆమెకిచ్చిన కట్నం పిల్లలకు, పిల్లలు లేకపోతే తల్లిదండ్రులకు చెందాలని వరకట్న నిషేధ చట్టం 6వ సెక్షన్ చెబుతోంది. నగల సంగతి రాశారు, కట్టె సంగతి రాయలేదు! పోస్టుమార్టం అయ్యాక మామూలుగా తల్లిదండ్రులకే అప్పగిస్తారు. నాలుగేళ్ల కొడుకున్నాడనుకోండి, వాడి చేత తలకొరివి పెట్టించేది తండ్రి తరఫు తాతా, మేనమామా అని మార్చురీ దగ్గరే పంచాయితీ మొదలవుతుంది.

ఎటూ తెగకపోతే హైకోర్టులో లంచ్ మోషన్ (అదే రోజు వినమని వేసే అత్యవసర పిటిషన్) వేయొచ్చు. సెలవురోజైతే హౌస్ మోషన్, అంటే జడ్జి ఇంటి దగ్గరే వినమని అడగడం. ఆర్డర్ వచ్చేదాకా ఫ్రీజర్ బాక్స్ అద్దె ఎవరు కట్టాలన్నది ఇంకో గొడవ.