కంప్రెసర్ కొనే ముందు బల్బు పెట్టి చూడండి

(చెన్నైలోని తెలుగు శ్రోతల కోసం ఫోన్-ఇన్. ఈ వారం: కారు ఎయిర్ సస్పెన్షన్‌లో, అంటే స్ప్రింగులకి బదులు గాలి సంచులు బండిని మోసే ఏర్పాటులో, కరెంటు లోపాలు)

యాంకర్: లైన్లో వేళచ్చేరి శ్రోత ఉన్నారు. చెప్పండి.

శ్రోత: నమస్కారం సార్. నాది సెకండ్ హ్యాండ్‌లో కొన్న పెద్ద బండి, నాలుగు చక్రాలకీ ఎయిర్ సస్పెన్షనే. మొన్నటి వానలకి మా వీధిలో నీళ్లు నిలిచాయి. వారానికల్లా సస్పెన్షన్ లైటు వెలిగింది, బండి దిగిపోయింది, మళ్లీ లేవట్లేదు. వర్క్‌షాప్‌లో కంప్రెసర్, అదే ఆ సంచుల్లోకి గాలి కొట్టే పంపు, పోయింది, లక్ష దాకా అవుతుంది అన్నారు. రెండు రోజులుగా ఒకటే టెన్షన్ సార్.

నిపుణుడు: ఆగండి బాబూ, ఇంకా కొనకండి. కంప్రెసర్‌కి కరెంటు అందుతోందో లేదో ఎవరైనా చూశారా?

శ్రోత: స్కానర్ పెట్టారు సార్. కంప్రెసర్ అనే వచ్చిందట.

నిపుణుడు: తిరగమన్నా గాలి ఒత్తిడి పెరగలేదు అన్నంతవరకే స్కానర్‌కి తెలుసు. కంప్రెసర్ మోటారు కాలిందా, దానికి కరెంటు వేసి తీసే స్విచ్చు, అదే రిలే, పోయిందా, ఫ్యూజా, కరెంటు బాడీ మీదుగా బ్యాటరీకి తిరిగి వెళ్లే ఎర్తా అన్నది మనమే తేల్చుకోవాలి. స్టార్ట్ చేస్తే వెనక గుర్రుమని చప్పుడు వస్తోందా?

శ్రోత: అస్సలు లేదు సార్. ఇప్పుడు బండి దగ్గరే ఉన్నాను. మా బావమరిది ఎలక్ట్రీషియన్. రిలే పీకి, సాకెట్లో 30, 87 పిన్నులని, అంటే రిలే కలిపే రెండు కొసల్ని, ఫ్యూజు పెట్టిన వైరుతో నేరుగా కలిపాడు. అప్పుడూ తిరగలేదు. కంప్రెసర్ కప్లర్, అదే వైర్ల ప్లగ్గు, విప్పి మీటరు పెడితే మాత్రం 12.4 వోల్టులు చూపిస్తోంది. అంటే కరెంటు వస్తున్నట్టే కదా?

నిపుణుడు: చాలామంది మోసపోయేది అక్కడే. మీటరు లాగే కరెంటు దాదాపు సున్నా. వైరులో పోగులన్నీ తెగి ఒక్కటి మిగిలినా అది 12 చూపిస్తుంది. మోటారుకి పదుల ఆంపియర్లు కావాలి, ఆ ఒక్క పోగు మీద అంత రాదు. పాత హెడ్‌లైట్ బల్బు, 55 వాట్లది, ఇంట్లో ఉందా? నాలుగున్నర ఆంపియర్లు లాగుతుంది. ఆ కప్లర్ రెండు పిన్నులకీ దాన్ని కలపండి. తెల్లగా వెలిగితే మోటారు మీద అనుమానపడదాం. ఎర్రగా మినుకుమంటే బల్బు ఎర్త్ వైరు తీసి బ్యాటరీ నెగటివ్‌కి పెట్టండి. అప్పుడు తెల్లగా వెలిగితే పోయింది ఎర్తే.

శ్రోత: ఇప్పుడే చూస్తాను సార్.

నిపుణుడు: ఒక్క మాట. గాలి దిగిన బండి ఏ క్షణమైనా ఇంకా కుంగుతుంది. స్టాండ్లు పెట్టకుండా కిందికి తల కాదు, చెయ్యి కూడా పెట్టకండి. మీ బావమరిదికి కూడా గట్టిగా చెప్పండి.

యాంకర్: ఆయన చూసేలోపు పెరంబూరు నుంచి ఇంకో కాల్. చెప్పండమ్మా.

శ్రోత: ఇంజన్ ఆపి తాళం తీసినా కంప్రెసర్ ఆగట్లేదండీ. కాలిన వాసన కూడా వస్తోంది.

నిపుణుడు: అమ్మా, ముందు వెళ్లి ఆ రిలేనో, కంప్రెసర్ ఫ్యూజునో పీకించండి. మిగతాది తర్వాత. రిలే లోపలి కాంటాక్టులు అతుక్కుపోయాయి. ఇలాగే వదిలితే మోటారు కాలిపోతుంది. తర్వాత రిలే మార్చి ఊరుకోవద్దు. ఎక్కడో సన్నగా గాలి పోతుంటే కంప్రెసర్ మాటిమాటికీ తిరిగి రిలేని కాల్చేస్తుంది. సబ్బునీళ్లు పూసి బుడగలు ఎక్కడ వస్తాయో చూడమనండి.

యాంకర్: బండి ఒక్క మూలే వంగితే?

నిపుణుడు: రాత్రంతా నిలిపితే వంగేది గాలి లీకు. నడుస్తుండగా ఎత్తు తప్పితే ముందు ఎత్తు చూసే సెన్సర్ని అనుమానిస్తాను. చక్రం పక్కనే ఉంటుంది, బురదంతా దానికే తగులుతుంది. కప్లర్ ఊడదీస్తే పిన్నుల మీద పచ్చటి చిలుము, పక్కన నీటి చెమ్మ కనిపిస్తాయి. సముద్రపు గాలి ఉన్న ఊళ్లో అది త్వరగా పడుతుంది. చాలా బళ్లలో సెన్సర్‌కి 5 వోల్టులు వెళ్తాయి. దాని చిన్న చెయ్యిని మెల్లగా కదిలిస్తే సిగ్నల్ జారినట్టు మారాలి. మధ్యలో ఎగిరి దూకితే లోపల అరిగింది. పరీక్ష కోసం వైరుకి సూది మాత్రం గుచ్చకండి. ఆ చిల్లులోంచి నీళ్లు దిగి నాలుగు నెలలకి వైరు లోపలే కుళ్లిపోతుంది. ఇలాంటి వైర్లు నా చేత్తో ఎన్ని కోశానో! పైకి తొడుగు బాగానే ఉంటుంది, లోపల రాగి పొడిపొడిగా రాలుతుంది.

యాంకర్: వేళచ్చేరి లైన్లోకి వచ్చారు.

శ్రోత: సార్! బల్బు ఎర్రగా మినుకుమంది. ఎర్త్ బ్యాటరీకి పెట్టగానే భగ్గున వెలిగింది!

నిపుణుడు: చూశారా! ఇప్పుడు కంప్రెసర్ ఎర్త్ వైరు పట్టుకుని వెళ్లండి. బాడీకి బిగించిన బోల్టు తుప్పు పట్టి ఉంటుంది.

శ్రోత: మా బావమరిది చూశాడు సార్, గోధుమ రంగు తుప్పు, వైరు చివర లగ్గు సగం తినేసింది.

నిపుణుడు: లగ్గు, అదే బోల్టు కింద బిగించే ఆ రింగు, కొత్తది వేయించండి. బోల్టు కిందున్న బాడీ రేకు గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది, బిగించి, పైన గ్రీజు రాయండి. ఎర్త్ బాగు చేసినా కొన్ని బళ్లలో స్కానర్‌తో పాత లోపం కోడ్ చెరిపేదాకా బండి కంప్యూటర్ కంప్రెసర్‌ని తిరగనివ్వదు. అప్పుడు మళ్లీ పోయిందనుకుని కంగారు పడొద్దు. ఈ రాత్రి నాలుగు చక్రాల పైన ఫెండర్ అంచు ఎంత ఎత్తులో ఉందో టేపుతో కొలిచి రాసుకోండి. పొద్దున స్టార్ట్ చెయ్యకముందే మళ్లీ కొలవండి. ఏ మూల దిగిందో చూసి నాకు ఫోన్ చెయ్యండి.