తోటల దారిలో కుక్కతో నడక: శ్రోతల ప్రశ్నలు, పశువైద్యుని సమాధానాలు

వ్యాఖ్యాత: నమస్కారం. ఊరి చివర ఇల్లు కట్టుకుని, పొద్దున్నే కుక్కతో నడకకు వెళ్లేవారికి ఎదురయ్యే అడవి జంతువుల గురించి ఈ రోజు పశువైద్యులను అడుగుదాం. మొదటి శ్రోత పలాస నుంచి మాట్లాడుతున్నారు.

శ్రోత: నమస్కారం డాక్టరుగారూ. మా ఇల్లు కాశీబుగ్గ శివారులో, జీడితోటలకు ఆనుకుని ఉందండి. తెల్లవారుజామున ఐదింటికి మా లాబ్రడార్‌ను గొలుసు విప్పి తోట దారిలో వదులుతాను. నిన్న అది ఒకచోట ఆగిపోయి, మెడ మీది వెంట్రుకలు నిక్కబొడుచుకుని, ముందుకు రానని మొరాయించింది. చూస్తే ఒక చెదపుట్ట మూరెడు లోతున తవ్వేసి ఉంది, మట్టి ఇంకా తడిగానే ఉంది. అది ఎలుగుబంటి పనేనా అండీ?

డాక్టరు: చాలావరకు అదే అయి ఉంటుంది. ఎలుగు పొడవాటి గోళ్లతో పుట్టను తవ్వి, మూతితో మట్టిని ఊది, లోపలి చెదలను పీల్చుకుంటుంది. వేసవిలో జీడిపండ్లు, పనసపండ్లు దాన్ని ఉద్దానం తోటల్లోకి రప్పిస్తాయి. మీ కుక్క మాట మీరు విన్నందుకు సంతోషం. కానీ గొలుసు విప్పడం మాత్రం ఈ రోజుతోనే మానండి. ఎలుగుకు వాసన బాగా తెలుస్తుంది కానీ చూపు మందం. అందువల్ల గాలి దాని వైపు నుంచి మన వైపు వీస్తున్నప్పుడు మనం బాగా దగ్గరకు వెళ్లేదాకా పసిగట్టలేక, ఒక్కసారిగా ఉలిక్కిపడి మీద పడుతుంది. విడిచిన కుక్క ముందుగా పోయి మొరిగి దాన్ని రెచ్చగొడుతుంది, అది తరిమితే తిరిగి పరుగెత్తుకొచ్చేది యజమాని దగ్గరికే. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలంలో ఎలుగు దాడిలో ఒక మనిషి చనిపోయాడు, పట్టుకున్న తరువాత ఆ ఎలుగూ దక్కలేదు. రెండు ప్రాణాల కోసమూ నాకు బాధగానే ఉంది.

శ్రోత: ఎదురుపడితే ఏం చేయాలండీ?

డాక్టరు: పరుగెత్తకండి, అది మనకంటే వేగంగా పరుగెత్తుతుంది. రాళ్లు విసరకుండా, కుక్కను దగ్గరగా పట్టుకుని, దాని వైపే చూస్తూ మెల్లగా వెనక్కి నడిచి, అది పోవడానికి దారి వదలండి. గొలుసును చేతికి చుట్టుకోవద్దు, కుక్క గుంజితే మీరు కింద పడతారు. అన్నిటికంటే ముందు వేళ మార్చండి. బాగా తెల్లవారిన తరువాత, నలుగురు తిరిగే రోడ్డు మీదే నడవండి. తవ్విన పుట్ట సంగతి అటవీశాఖ వారికి చెప్పండి.

వ్యాఖ్యాత: తరువాతి శ్రోత విజయనగరం నుంచి.

శ్రోత: డాక్టరుగారూ, మా లేఅవుట్‌లో సగం స్థలాలు ఖాళీగా, గడ్డి పెరిగి ఉన్నాయి. సాయంత్రం నక్కలు కనిపిస్తున్నాయి. మా కుక్క వాటి వెంట పడుతోంది.

డాక్టరు: నక్క మామూలుగా మనిషిని చూసి తప్పుకుంటుందమ్మా. పట్టపగలు తూలుతూ, బెదురు లేకుండా దగ్గరికి వస్తే మాత్రం రేబిస్ అనుమానించాలి. కుక్కకు ఏటా ఆ టీకా తప్పక వేయించండి. కరిస్తే గాయాన్ని సబ్బుతో, పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి వెంటనే తీసుకురండి. మనిషిని కరిచినా ముందు చేయవలసింది ఇదే, ఆ తరువాత ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. అయితే ఆ గడ్డిలో నాకు నక్క కంటే రక్తపింజరి భయమే ఎక్కువ. కుక్కర్ ఆవిరి వదిలినట్టు బుస వినిపిస్తే, కుక్క అక్కడ మూతి పెట్టకముందే వెనక్కి లాగండి.

శ్రోత: కాటు వేస్తేనో?

డాక్టరు: కట్టు బిగించవద్దు, కోయవద్దు, పసరు పోయవద్దు. కుక్కను నడిపించకుండా ఎత్తుకుని రండి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి, ఈ నాలుగింటి విషానికీ పనిచేసే విరుగుడు మందు కుక్కలకూ వాడతాము. అది మీకు దగ్గరలో ఎక్కడ దొరుకుతుందో ఈ రోజే అడిగి, ఆ ఫోన్ నంబరును గొలుసు తగిలించే మేకు పక్కనే గోడ మీద రాసిపెట్టుకోండమ్మా.